నర్సంపేట రోడ్డు మీది ఫాం దుకాణం గురించి

బిడ్డా,

నర్సంపేట రోడ్డు మీద కొత్తగా పెట్టిన ఫాం దుకాణం గురించి అడిగావు. "ఆరుబయట మేసిన యాటలు, అసలు నాటుకోళ్ళు, మందు కొట్టని కూరగాయలు" అని బోర్డు పెట్టారని, రేటు మాత్రం మీ కాలనీ షాపు కంటే బాగా ఎక్కువని చెప్పావు. కొనొచ్చు. కానీ సంచి పట్టుకుని ఆదివారం పొద్దున పోకు. ఆ రోజు వాళ్ళకు మాట్లాడే తీరిక ఉండదు, నీకు చూసే తీరిక ఉండదు. మామూలు రోజు పొద్దుగూకే వేళ పో. మంద దొడ్డికి తిరిగొచ్చే టైం అది.

పశువైద్య శాఖలో నా ఉద్యోగమంతా గొర్రెలు, మేకల మధ్యే గడిచింది కాబట్టి ఏం చూడాలో చెప్తాను. పొద్దంతా మేసి వచ్చిన గొర్రెకు ఎడమ డొక్క నిండుగా ఉంటుంది. మేత చేరే పెద్ద పొట్ట ఆ పక్కనే ఉంటుంది మరి. రాళ్ళూ రప్పల మీద నడుస్తుంది కాబట్టి గిట్టలు అరిగి పొట్టిగా ఉంటాయి. బొచ్చుకు పల్లేరు కాయలు అంటుకుని ఉంటాయి. కదలకుండా దొడ్డిలోనే దాణా తిన్న దాని గిట్టలు పెరిగి ముందుకు వంగుతాయి. కోసిన తర్వాత చూస్తే గుర్దాల చుట్టూ కొవ్వు మందంగా ఉంటుంది. దొడ్డిలో పెంచినది చెడ్డ మాంసమేమీ కాదు, చాలామందికి ఆ మెత్తదనమే ఇష్టం. మేతకు తిరిగినదని రేటు తీసుకుని దాణా తిన్నది చేతిలో పెడితేనే తప్పు.

ఇంకొకటి అడుగు. "ఎండాకాలంలో మీ యాటలు ఏం మేస్తాయి?" అను. మన దగ్గర జూన్‌లో వానలు పడ్డాక గడ్డి లేస్తుంది. దసరా నాటికి యాటలకు కండ పడుతుంది. వరి కోతలయ్యాక పొలాల్లో మోళ్ళు, గట్ల మీద గడ్డి దొరుకుతాయి కాబట్టి సంక్రాంతి దాకా మటన్ రుచే వేరు. ఏప్రిల్, మే నెలల్లో ఎక్కడి పచ్చిక? గొల్లలు, కురుమలు మందల్ని తోలుకుని నీళ్ళున్న చోటికి, అడవి పక్కకు పోయే రోజులవి. నిజంగా మేపేవాడైతే "అప్పుడు తుమ్మకాయలు, సుబాబుల్ ఆకు, పల్లికట్టె వేస్తాం, యాటలు కొంచెం చిక్కుతాయి" అని ఉన్నదున్నట్టు చెప్తాడు. పన్నెండు నెలలూ పచ్చికే అనేవాడితో జాగ్రత్త. పత్తి ఏరిన చేలల్లో మేపుతారా అని కూడా అడుగు. ఆ మొక్కల మీద పురుగుమందు ఎంత కొడతారో ఈ జిల్లాలో పుట్టిన నీకు నేను చెప్పక్కర్లేదు.

"మేం ఏ మందూ వాడం" అని గొప్పగా చెప్తే మురిసిపోకు. గొర్రెకు నట్టల మందు పట్టాలి, వానలకు ముందు చిటుక రోగం (గొర్రెల్ని ఉన్నట్టుండి చంపే జబ్బు) టీకా వేయాలి. వేయకపోతే అది నిర్లక్ష్యమే. తెలుసుకోవాల్సింది ఏమిటంటే మందు పట్టాక ఎన్నాళ్ళకు కోస్తున్నారని. నట్టల మందుకైనా, యాంటీబయాటిక్‌కైనా ఆ గడువు ఉంటుంది, సీసా మీద రాసి ఉంటుంది. రాసిపెట్టుకున్న నోటుబుక్కు తీసి చూపించేవాడు దొరికితే వాణ్ణి వదలకు. కోసే ముందు పశువైద్యుడు చూస్తాడా, ఎక్కడ కోస్తారు అని కూడా అడుగు. ఆహార భద్రత సంస్థ (FSSAI) ఇచ్చే 14 అంకెల నంబరు దుకాణంలో కనబడేలా ఉండాలి.

దసరాకు మీరు నాలుగిళ్ళవాళ్ళు కలిసి యాటను కొని పోగులు వేసుకుందాం అనుకుంటున్నారు కదా. చాలా మంచి పద్ధతి, తలకాయ, కాళ్ళు, బోటి, కార్జం అన్నీ ఇంటికే వస్తాయి. లెక్క మాత్రం ముందే తెలుసుకో. బతికున్న బరువులో దాదాపు సగమే మాంసం. ఇరవై నాలుగు కిలోలు తూగితే పన్నెండు కిలోల దగ్గర వస్తుంది. అంటే బతికున్నప్పటి కిలో రేటును రెట్టింపు చేసి షాపు రేటుతో పోల్చు. కాటా నీ కళ్ళ ముందే పెట్టించు. తూచే ముందు నీళ్ళు కడుపు నిండా తాగిస్తే అవి కూడా నీ ఖాతాలోనే పడతాయి, అందుకే మేతకు పోకముందు పొద్దున్నే తూయించడం మేలు. నోరు తెరిపించి కింది పళ్ళు చూడు. అన్నీ పాలపళ్ళే అయితే లేతది. ముందు రెండు పెద్ద పళ్ళు వస్తే ఏడాది దాటింది, కూరకు అది సరిగ్గా సరిపోతుంది. నాలుగు, ఆరు పళ్ళు ఉంటే కుక్కర్‌కు పని ఎక్కువ. ముసలి గొర్రెను పొట్టేలు రేటుకు అంటగట్టేవాళ్ళున్నారు, అందుకే చూడమంటున్నా. పండగ ఇంకా పది రోజులుందనగానే చెప్పి పెట్టు. రెండేళ్ళకోసారి మేడారం జాతర వచ్చినప్పుడైతే ఇంకా ముందే, అప్పుడు యాటలకూ కోళ్ళకూ పట్టపగ్గాలుండవు.

వండడం గురించి ఒక్క మాట. పొద్దున కోసిన మాంసం కొన్ని గంటల్లో బిగుసుకుంటుంది. ఆ టైంలో వండితే ఎంత ఉడికించినా సాగుతుంది, నువ్వు దుకాణంవాణ్ణి తిడతావు. కోసిన వెంటనే వండెయ్యి, లేదా మూతపెట్టి ఫ్రిజ్ కింది అరలో ఒక రోజు ఉంచి వండు. తేగానే డీప్ ఫ్రీజర్‌లో పడెయ్యకు.

ఇక నాటుకోడి. అసలు మోసం ఇక్కడే ఎక్కువ. సన్నగా, రంగురంగులుగా ఉండే సోనాలి కోళ్ళను షెడ్డుల్లో పెంచి నాటుకోడి పేరుతో అమ్ముతున్నారు. గూట్లో కోళ్ళన్నీ ఒకే సైజు, ఒకే వయసుతో ఉంటే అది పెరటి కోడి కాదు. ఇంటి దగ్గర తిరిగే కోడి కిలోన్నర తూగడానికి ఐదారు నెలలు పడుతుంది. బ్రాయిలర్ నలభై, నలభై ఐదు రోజుల్లోనే రెండు కిలోలు దాటుతుంది, అందుకే ఆ రేటు తేడా. వనరాజా, గ్రామప్రియ రకాలు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పెరటి పెంపకం కోసమే తయారు చేసినవి. వాటిని వాటి పేరుతోనే, తగిన ధరకు అమ్మితే హాయిగా కొనుక్కో. చర్మం పసుపుగా ఉందని, గుడ్డు సొన నారింజ రంగులో ఉందని నమ్మకు, పసుపు మక్కలు పెట్టినా ఆ రంగు వస్తుంది. గుడ్డు పెంకు గోధుమ రంగుదైతే అది జాతిని బట్టి వచ్చింది, మేతను బట్టి కాదు.

కూరగాయల దగ్గర ఎక్కువ టెన్షన్ పడకు. తోటలోకి నడిచి చూస్తే సగం తెలిసిపోతుంది. సాళ్ళ మధ్య గంగవాయిలి కూర మొలిచి ఉంటే కలుపు మందు కొట్టలేదన్నమాట, అడిగి అదీ కోసుకో, పప్పులో బాగుంటుంది. మే నెలలో క్యాలీఫ్లవర్ కనబడితే అది వరంగల్ లక్ష్మీపురం కూరగాయల మార్కెట్‌కో ఇంకెక్కడికో పోయి తెచ్చింది తప్ప ఆ తోటది కాదు. తెచ్చి అమ్మడం తప్పు కాదు, విడిగా పెట్టి చెప్పాలి. బెండ, వంకాయ రోజు విడిచి రోజు కోస్తారు కాబట్టి మందు కొట్టి ఎన్ని రోజులైందో వాటికే ముఖ్యంగా అడుగు. సర్టిఫికెట్ లేదని మాత్రం చిన్న రైతును పక్కన పెట్టకు. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలుండి, నేరుగా మనలాంటి వాళ్ళకు అమ్మే చిన్న రైతుకు సేంద్రియ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. జనగామ జిల్లా ఏనబావిలో రైతులు ఊరంతా కలిసి ఏళ్ళ కిందటే రసాయనాలు మానేశారు. ఒకసారి అల్లుణ్ణి తీసుకుని అటు పోయి చూసి రా, మందు లేని చేను ఎలా ఉంటుందో కళ్ళకు తెలుస్తుంది.

మొదటిసారి అరకిలో మటన్, పుంటికూర, ఆనిగెపుకాయ, అంతే. బేరం ఆడకు, కానీ రుచి ఎలా ఉందో వచ్చే వారం వాళ్ళకు చెప్పు, బాగాలేకపోతే అదీ చెప్పు. అల్లుడికి తలకాయ కూర ఇష్టం కదా, తలకాయ, కాళ్ళు అక్కడే కాల్పించి, గీకించి తెచ్చుకో. అపార్ట్‌మెంట్‌లో కాలిస్తే పై అంతస్తు వాళ్ళు ఊరుకోరు.

ఇట్లు,
నీ మామయ్య