నాలుగు నెలల బాబుకి రోజూ వాడుకోవడానికి ఏ బేబీ క్యారియర్ తీసుకోవాలి?

మీ ప్రశ్న చదువుతుంటే 2023 మొదట్లో నేను పడ్డ టెన్షనే మళ్లీ గుర్తొచ్చింది. బాబుకి నాలుగు నెలలు, ఆరున్నర కిలోలు. కూకట్‌పల్లిలో లిఫ్ట్ లేని ఇల్లు. వారంలో మూడు నాలుగుసార్లు మీరొక్కరే బాబుని తీసుకుని బయటికి వెళ్లాలి. నడుము ఇప్పటికే లాగేస్తోంది. అత్తయ్యగారేమో బిడ్డని ఒంటికి కట్టుకుని మోసే ఆ క్యారియర్‌లో వేస్తే దొడ్డికాళ్లు వస్తాయంటున్నారు. నాలుగు వేల లోపు మంచి కంపెనీ పేరు చెప్పమన్నారు.

కంపెనీ పేరు తర్వాత చూద్దాం. బిడ్డ బరువు మీ భుజాల మీద వేలాడకుండా నడుము బెల్ట్ మీద కూర్చోవాలి. బిడ్డ మోకాళ్లు పిర్రల కన్నా కొంచెం పైకి ఉండాలి. ఈ రెండూ కుదిరిన క్యారియర్ ఏదైనా మీకు పనికొస్తుంది, కుదరకపోతే పదివేలది కొన్నా అలమరలోకే వెళ్తుంది. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

మా పాప 2022 నవంబరులో పుట్టింది. మూడో నెల నిండాక మిర్యాలగూడలో మా అమ్మ దగ్గర నుంచి ఎర్రగడ్డకి వచ్చేశాం. మాదీ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఎవరో బారసాలకి ఇచ్చిన స్ట్రోలర్‌ని రెండుసార్లు కిందికి దించాను. మా వీధిలో ఫుట్‌పాత్ మీద బైకులు, ట్రాన్స్‌ఫార్మర్, ఇడ్లీ బండి, మధ్యలో పగిలిన పలకలు. చక్రాలు కదిలితేగా! దాన్ని బాల్కనీలో పెట్టేశాం. అప్పుడు మా ఆయన ఒక షాపులో పన్నెండు వందలకి క్యారియర్ కొన్నారు. ముందు భాగం చాలా మెత్తగా ఉంది, రెండు జేబులు, తలకి టోపీ. చూడ్డానికి ముద్దుగా ఉంది. నడుముకి బెల్ట్ మాత్రం లేదు. ఉన్నదల్లా భుజాల మీదుగా వచ్చే రెండు పట్టీలే. పాప తొడల మధ్య వచ్చే గుడ్డ నా అరచేయంత వెడల్పు కూడా లేదు. అది వేసుకుని రైతుబజారుకి వెళ్లి వచ్చేసరికి నా మెడ పట్టేసింది. పాప కాళ్లు రెండూ కిందికి తిన్నగా వేలాడుతూ, తొడల దగ్గర ఎర్రగా గీతలు పడ్డాయి. ఆ గీతలు చూసి ఆ రాత్రి నేను ఏడ్చాను.

ఆ తర్వాతి వారం పద్నాలుగు వారాల టీకాకి వెళ్తే, డాక్టరమ్మ మా మెడలో దాన్ని చూసి పాపని బల్ల మీద పడుకోబెట్టి చూపించారు. పసిపిల్లల తుంటి కీలు మొదటి నెలల్లో ఇంకా చాలావరకు మెత్తటి మృదులాస్థిగానే ఉంటుంది. తొడలు కాస్త ఎడంగా, మోకాళ్లు పైకి మడిచి ఉంటే తొడ ఎముక గుండు తుంటిలో గిన్నెలా ఉండే గుంటలో సరిగ్గా కూర్చుంటుంది. కాళ్లు రెండూ తిన్నగా కిందికి లాగినట్టు చాలాసేపు ఉంటే కీలు ఎదుగుదలకి మంచిది కాదు. బిడ్డ ఒక మోకాలి గుంట నుంచి ఇంకో మోకాలి గుంట దాకా గుడ్డ ఆనాలి, ముందు నుంచి చూస్తే కాళ్లు ఇంగ్లీషు ‘ఎం’ అక్షరంలా కనబడాలి అన్నారు. తుంటి కీలు సమస్యల మీద పనిచేసే ఇంటర్నేషనల్ హిప్ డిస్‌ప్లేసియా ఇన్‌స్టిట్యూట్ చెప్పేది కూడా ఇదే.

అత్తయ్యగారి భయం గురించి ఇక్కడే చెప్తాను, ఎందుకంటే మా అమ్మదీ అదే మాట. కడుపులో ముడుచుకుని ఉంటారు కాబట్టి పిల్లలందరూ కాళ్లు కొంచెం వంకరగానే పుడతారు. నడక వచ్చాక, రెండేళ్లు వచ్చేలోపు మామూలుగా అవే తిన్నగా అవుతాయి. కాళ్లు ఎడంగా పెట్టి ఎత్తుకోవడం వల్ల దొడ్డికాళ్లు రావు. అసలు మనం చంకన ఎత్తుకునేది ఎలా? బిడ్డ ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి, నడుముని చుట్టేసి కూర్చుంటుంది కదా. దేవరకొండ వైపు తండాల్లో బిడ్డని గుడ్డతో వీపుకి కట్టుకుని నడిచే తల్లుల్ని మా అమ్మ చిన్నప్పటి నుంచి చూసింది. ఆ మాట గుర్తు చేశాకే తను మెత్తబడింది. మీ అత్తయ్యగారికి మాటలతో చెప్పకండి. బాబుని చంకన ఎత్తుకోమని, కాళ్లు ఎలా వచ్చాయో చూడమని, తర్వాత క్యారియర్‌లో చూపించండి.

ఆ డాక్టరమ్మ చెప్పాక ఇంకో తప్పు చేయకూడదని కొనకుండా అడిగి తెచ్చుకున్నాను. ఆఫీసులో ఒక అక్క తన రింగ్ స్లింగ్ ఇచ్చింది. రెండు మీటర్ల చేనేత నూలు గుడ్డ, ఒక చివర రెండు రింగులు. ఒక భుజం మీదుగా వస్తుంది. మొదటి మూడు రోజులు అద్దం ముందు దుప్పటి చుట్టిన దిండుతో ప్రాక్టీస్ చేశాను, నాలుగో రోజుకి గానీ చేయి తిరగలేదు. ఇంట్లో పాపని నిద్రపుచ్చడానికి, పాలు పట్టడానికి, కింద కూరగాయల బండి దాకా వెళ్లి రావడానికి దానంత హాయి ఇంకేదీ లేదు. మడిస్తే హ్యాండ్‌బ్యాగ్‌లో పడుతుంది, ఉతికితే సాయంత్రానికి ఆరుతుంది. కానీ బరువంతా ఒక్క భుజం మీదే. పాప ఏడు కిలోలు దాటాక అరగంటకే ఆ భుజం గుంజడం మొదలైంది. మీకు ఇప్పటికే నడుము నొప్పి ఉంది కాబట్టి ఇది ఒక్కటే కొంటే చాలదు.

చివరికి నాకు సరిపడింది నడుముకి వెడల్పాటి బెల్ట్, రెండు భుజాలకీ పట్టీలు ఉండి బకిల్స్‌తో పెట్టుకునేది. మియాపూర్‌లో నా స్నేహితురాలి ఇంట్లో తనది వేసుకుని, పాపని అందులో కూర్చోబెట్టి, వాళ్ల అపార్ట్‌మెంట్ చుట్టూ ఇరవై నిమిషాలు నడిచాను. నొప్పి రాలేదు. అలాంటిదే 3,800కి కొన్నాను, రెండేళ్లు వాడాం. మీకు కూడా ఈ రకమే చెప్తాను. కొనేటప్పుడు ముఖ్యంగా చూడాల్సింది, కూర్చునే గుడ్డ వెడల్పు తగ్గించి పెంచుకునే వీలు ఉందా అని. నాలుగు నెలలకి సరిపోయిన వెడల్పు పది నెలలకి సరిపోదు. తర్వాత వీపు మీద వచ్చే చిన్న పట్టీ. దాని బకిల్ ఎవరి సాయం లేకుండా మీ చేతులకే అందాలి. నా స్నేహితురాలి దానికి ఆ పట్టీ పైకి కిందికి జరిగేది, నేను ముందు చూసిన ఒకదానికి జరిగేది కాదు. ఒంటరిగా వెళ్లే మనిషికి ఇది చాలా పెద్ద విషయం. బయటెక్కడో ఆ బకిల్ ఊడితే పక్కవాళ్లని పిలవాల్సి రాకూడదు.

మీ ఆయన కూడా వేసుకునేటట్టయితే ఇద్దరి నడుము కొలతకీ బెల్ట్ సరిపోవాలి. మా ఆయనకి మొదట్లో మొహమాటంగా ఉండేది. ఒకసారి పాప ఆయన ఛాతీ మీద తల పెట్టి నిద్రపోయాక, ఆదివారాలు తనే వేసుకుని పాలకి వెళ్లడం మొదలుపెట్టారు.

చాలామందికి క్యారియర్ మంచిదే అయినా వేసుకునే పద్ధతి వల్ల నొప్పి వస్తుంది. బెల్ట్‌ని ప్యాంటు బెల్ట్‌లా కిందికి పెట్టుకుంటారు, పట్టీలు వదులుగా వదిలేస్తారు, ఇక బిడ్డ పొట్ట దగ్గర వేలాడుతూ మనల్ని ముందుకి లాగుతుంటుంది. బెల్ట్‌ని ముందే, బిడ్డని పెట్టకముందే, బొడ్డు ఎత్తులో బిగించుకోండి. తర్వాత బిడ్డని ఛాతీకి ఆనించి పట్టీలు లాగండి. తల వంచితే బిడ్డ నెత్తి మీద ముద్దు పెట్టగలగాలి, అది సరైన ఎత్తు. బిడ్డ వెనక చేయి వేసి పట్టుకుని కొంచెం ముందుకి వంగి చూడండి. బిడ్డ మీ నుంచి ఎడమైతే ఇంకా వదులుగా ఉన్నట్టే.

ఊపిరి సంగతి దీనికన్నా ముఖ్యం. గడ్డం ఛాతీకి ఆనుకోకుండా మధ్యలో రెండు వేళ్లు పట్టాలి. ముఖం మీకు ఎప్పుడూ కనబడుతూ ఉండాలి, ముక్కు మీద గుడ్డ, చున్నీ, కొంగు ఏవీ పడకూడదు. బిడ్డని సంచిలో పడుకోబెట్టినట్టు వంపుగా మోసే రకం స్లింగ్‌లు కొన్ని ఉంటాయి, అవి అసలు వద్దు. స్లింగ్‌లకి సంబంధించి 20 ఏళ్లలో కనీసం 14 మంది పసిపిల్లలు చనిపోయారని, ఊపిరాడని ప్రమాదం ఉందని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం 2010లో హెచ్చరించింది. నాలుగు నెలల లోపు పిల్లలకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి, బరువు తక్కువ ఉన్నవాళ్లకి ప్రమాదం ఎక్కువ. మీ బాబు నెలలు నిండకుండా పుట్టి ఉంటే డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి.

ముఖం బయటికి పెట్టి కూర్చోబెట్టొచ్చా అని కూడా అడిగారు. ఇప్పుడే వద్దు. మెడ గట్టిగా నిలిపాక, ఐదారు నెలలకి, మెలకువగా ఉన్నప్పుడు పది పదిహేను నిమిషాలు చాలు. మా పాపని అలా ఒకసారి జనరల్ బజార్‌లో తిప్పితే ఆ రంగులకి, హారన్లకి బెదిరిపోయి రాత్రంతా నిద్రపోలేదు. నడుముకి కట్టుకునే, చెక్కపీటలా ఉండే హిప్ సీట్ బిడ్డ సొంతంగా కూర్చున్నాకే పనికొస్తుంది. ఎక్కుతా దిగుతా అని గోల చేసే వయసుకి బావుంటుంది కానీ పెద్దగా ఉంటుంది, మెట్రోలో నలుగురికీ తగులుతుంది.

మన ఊరి ఎండ గురించి ఆలోచించి కొనండి. ఏప్రిల్, మే నెలల్లో రెండు ఒళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే ఎంత ఉక్కపోతో మీకు తెలుసు. మందమైన మెత్త ఉన్నవి, లోపల స్పాంజి దట్టించినవి వదిలేయండి. నాది నూలుది, మా వదినది జాలీ గుడ్డ. జాలీలో గాలి బాగా ఆడుతుంది కానీ అంచులు పాప తొడలకి ఒరుసుకునేవి, అక్కడ పల్చటి గుడ్డ మడిచి పెట్టాల్సి వచ్చేది. నూలు మెత్తగా ఉంటుంది, చెమటకి తడిస్తే ఆరడం ఆలస్యం. ఇంట్లో నుంచి వెళ్తుంటే పాపకి చేతుల్లేని పల్చటి జుబ్బా ఒక్కటే వేసేదాన్ని. క్యారియర్ కూడా ఒక బట్ట కిందే లెక్క. మెడ వెనక చేయి పెట్టి చూస్తే వేడి తెలుస్తుంది. ఎండాకాలం పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా బయటికి వెళ్లలేదు. ఆరు నెలల లోపు దాహానికి కూడా తల్లిపాలే చాలు, నీళ్లు పట్టొద్దు. పాలు మాత్రం ఇంకొన్నిసార్లు ఎక్కువ ఇవ్వండి.

ఎర్రగడ్డ స్టేషన్‌లో ఎక్కి అమీర్‌పేట్‌లో రాయదుర్గం వైపు మారేదాన్ని. అక్కడి మెట్లు, జనం మధ్య రెండు చేతులూ ఖాళీగా ఉండడం ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం అయ్యాక బస్సులు కూడా ఎక్కాను, కానీ పొద్దున రద్దీలో మాత్రం బిడ్డతో వెళ్లకండి. మనకి పట్టుకోవడానికి రాడ్ దొరుకుతుంది కానీ ముందున్న మనిషి బిడ్డ మీదకి ఒరుగుతాడు.

స్కూటీ మీద మాత్రం దయచేసి వద్దు. చాలామంది క్యారియర్ వేసుకుని వెనక కూర్చుంటారు, మనసు చివుక్కుమంటుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకి బండి మీద సేఫ్టీ హార్నెస్ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని, తొమ్మిది నెలలు దాటినవాళ్లకి హెల్మెట్ పెట్టాలని 2023 ఫిబ్రవరి 15 నుంచి నిబంధన ఉంది. మన క్యారియర్ ఆ హార్నెస్ కాదు. కారులో కూడా అది కార్ సీట్‌కి బదులు కాదు. పొయ్యి దగ్గర కూడా వేసుకోకండి. తాలింపు చిటపటలాడితే నూనె నేరుగా బిడ్డ మీదే పడుతుంది.

ఇక కంపెనీలు. మన దేశంలో తయారయ్యే వాటిలో సోల్, అన్మోల్ రెండూ బట్టతో బాగా చేస్తారు. మీ బడ్జెట్‌లో కొత్తది దొరక్కపోతే తెలిసినవాళ్ల దగ్గర వాడింది తీసుకోండి. పట్టీ గుడ్డని కలిసే చోట కుట్లు గట్టిగా లాగి చూడండి, బకిల్ ‘టక్’మని పడాలి, ఎక్కడా పగులు ఉండకూడదు. పళ్లు వచ్చే వయసులో పిల్లలు పట్టీలు చప్పరిస్తారు కాబట్టి చొల్లు కోసం రెండు చిన్న గుడ్డలు పట్టీలకి చుట్టి పెట్టుకుంటే రోజూ మొత్తం ఉతకాల్సిన పని ఉండదు.

మొదటిసారి బాబు ఏడిస్తే వాడికి ఇష్టం లేదనుకోకండి. పాలు తాగి, తేన్పు వచ్చి, నిద్ర మబ్బులో ఉన్నప్పుడు వేసుకుని, వెంటనే నడవడం మొదలుపెట్టండి. నిలబడి ఉంటే మా పాపకి నచ్చేది కాదు. పది నిమిషాలతో మొదలుపెట్టి రోజూ కాస్త పెంచండి.

మీది సిజేరియనా, మామూలు కాన్పా రాయలేదు. కుట్ల దగ్గర ఇంకా నొప్పి ఉంటే బెల్ట్ దాని మీదకి రాకుండా ఇంకొంచెం పైకి పెట్టుకోవాలి, కొన్ని బెల్టుల వెడల్పుకి అది కుదరదు. అది చెప్తే మీకు ఎంత వెడల్పు బెల్ట్ సరిపోతుందో చూసి చెప్తాను.