కెపాసిటర్ పాఠం చెప్పబోయే అమ్మాయికి

అమ్మాయ్,

వచ్చే వారం ఇంటర్ పిల్లలకి కెపాసిటర్లు, అంటే చార్జి దాచిపెట్టుకునే భాగాలు, మొదలుపెడుతున్నానన్నావు. ముందే బోర్డు మీద క్యూ ఈక్వల్స్ సీవీ, అంటే చార్జి ఈక్వల్స్ కెపాసిటీ ఇంటూ వోల్టులు, రాసేయకు. రుద్దిన గాజుకడ్డీ, చార్జి ఉందో లేదో చూపే ఎలక్ట్రోస్కోప్ కూడా ఇప్పుడు బయటికి తీయకు, ఈ ముసురులో మన కోనసీమ గాలికి చార్జి నిలవదు, పిల్లలు నవ్వుతారు.

1000 మైక్రోఫారడ్‌ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒకటి, 25 వోల్టులది, తీసుకో. 9 వోల్టుల బ్యాటరీతో నింపి, 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 100 మైక్రోఆంపియర్ల మీటరు గుండా ఖాళీ అవనివ్వు. ముల్లు 90 దగ్గర మొదలై మెల్లగా దిగుతుంది, 100 సెకన్లకి సుమారు 33. ఒకరు సెకన్లు పిలవాలి, ఒకరు చదవాలి, ఒకరు రాయాలి. తర్వాత గ్రాఫ్ మీద సెంటీమీటరుకి 20 సెకన్లు, 10 మైక్రోఆంపియర్లు పెట్టి గీత కింద గళ్ళు లెక్కపెట్టించు. ఒక్కో గడి 200 మైక్రోకూలుంబులు. ఐదు నిమిషాల వరకు లెక్కిస్తే 43 దాకా వస్తాయి. చార్జి అంటే ఏంటో వాళ్ళ వేళ్ళకి తెలుస్తుంది, ఆ తర్వాత ఫార్ములా వాళ్ళే చెప్తారు.

కెపాసిటర్ మీద రాసిన విలువకి 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే, అందుకని చార్జిని 9తో భాగిస్తే 1100 మైక్రోఫారడ్‌లు వచ్చినవాడు దిద్ది 1000 చేస్తే మార్కులు కొయ్యి. బీరువాలో ఏళ్ళ తరబడి పడున్నవి లీకవుతాయి, కాసేపు బ్యాటరీకి తగిలించి ఉంచాకే వాడు. ప్లస్సు మైనస్సు మాత్రం నువ్వే చూడు, తిరగేస్తే ఉబ్బి పేలొచ్చు.

ఎనర్జీ దగ్గర, సగం సీవీ స్క్వేర్ అన్నప్పుడు, అందరూ ఆ సగం ఎక్కడిదని అడుగుతారు. మిల్లులో బస్తాల నెట్టు చూపించు: మొదటి బస్తా నేలమీదే, ఆఖరిది పైదాకా ఎత్తాలి, సగటున సగం ఎత్తే. ఇక్కడా మొదటి చార్జి సున్నా వోల్టుల దగ్గర ఎక్కుతుంది, ఆఖరిది 9 దగ్గర. వచ్చేది 40 మిల్లీజౌళ్ళే. బ్యాటరీ ఇచ్చింది 81, మిగతాది నింపేటప్పుడే తీగల్లో, దారిలో రెసిస్టర్ ఉంటే దాంట్లో, వేడిగా పోయింది. ఆ రెసిస్టర్ మార్చినా అంతే పోతుందని చెప్పు, నమ్మరు, వాదించనివ్వు.

రొయ్యల చెరువు మోటారు కెపాసిటర్ ఎవడో ఒకడు తెస్తాడు. దాని మీద చెయ్యి వేయనీయకు, కరెంటు తీసేశాక కూడా కొడుతుంది.

మీటరు లేకపోతే కబురు పెట్టు, నా దగ్గరుంది.

మీ మాస్టారు