చోటు మారిన బటన్, నాన్నగారి నోటుపుస్తకం

ప్రశ్న: బ్రౌజర్ బీటా, నైట్లీ వెర్షన్లలో ట్యాబుల రూపమో బటన్ల చోటో మారినప్పుడల్లా వాడేవాళ్ళు అంత గగ్గోలు పెడతారెందుకు? రెండు వారాలకు అందరూ అలవాటు పడేవాళ్ళే కదా?

గగ్గోలు పెట్టేవాళ్ళ వరసలో నేను ముందుంటాను కాబట్టి ఈ ప్రశ్న నన్నే అడిగినట్లు తీసుకుంటున్నాను. పదేళ్ళకు పైగా ఇలా విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చే వెర్షన్లే (రోజూ మారే నైట్లీ, దాని తరవాతి దశ బీటా) వాడుతున్నాను. రాత్రి పడుకునేటప్పుడు ఒక బ్రౌజర్, తెల్లారి లేచేసరికి ఇంకో బ్రౌజర్. సరదాగా మొదలైన పని వ్యసనమైంది.

"అలవాటు పడతారు" అన్న మాటతోనే నాకు పేచీ. చెప్పులో రాయికి కూడా కాలు అలవాటు పడుతుంది. నడక మారుతుంది, మడమ కాయ కాస్తుంది, కొన్నాళ్ళకు నొప్పి తెలియదు. అంతమాత్రాన ఆ చెప్పు బాగా కుట్టారని ఎవరూ అనరు. రెండు వారాలకు గొడవ సద్దుమణిగిందంటే కొందరు అరిచి అలిసిపోయి ఉంటారు, కొందరు వేరే బ్రౌజర్‌కు మారిపోయి ఉంటారు. మారిపోయేవాళ్ళు వీడ్కోలు ఉత్తరం రాసి వెళ్ళరు. 2013లో ఒపేరా బ్రౌజర్ పేజీలను చూపించే తన పాత ఇంజను వదిలి 15వ వెర్షన్ తెచ్చినప్పుడు, అందులో లోపలి మెయిలూ లేదు, ఏళ్ళ తరబడి పోగుచేసుకున్న బుక్‌మార్కులకు సరైన చోటూ లేదు. చాలామంది పాత 12వ వెర్షన్నే పట్టుకుని వేలాడారు. చివరికి ఆ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన యోన్ వోన్ టెట్స్‌నరే అలాంటివాళ్ళ కోసం వివాల్డీ అని ఇంకో బ్రౌజర్ మొదలుపెట్టాడు. దాని తొలి నమూనా 2015 జనవరిలో వచ్చింది. అలవాటు పడనివాళ్ళు అంతమంది ఉన్నారన్నమాట.

ఇక నా సొంత కథ. బ్రౌజర్ పేరు చెప్పను. చెబితే కింద వ్యాఖ్యల్లో దాని అభిమానులు, శత్రువులు కొట్టుకుని అసలు విషయం గాలికి పోతుంది.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. మా నాన్నగారి కంప్యూటర్‌లో కూడా నేను వాడే బీటానే పెట్టాను. ఆయనకు డెబ్బై రెండేళ్ళు. కారణం నా సోమరితనం. ఇద్దరి తెరలూ ఒకేలా ఉంటే ఫోనులో చెప్పడం తేలిక కదా అనుకున్నాను. ఆయన దగ్గర ఒక రూళ్ళ నోటుపుస్తకం ఉంది. కంప్యూటర్‌లో చేసే ఒక్కో పనికీ అందులో ఒక్కో పేజీ. "పేజీ కదలకుండా నిలిచిపోతే: పైన ఎడమ నుంచి మూడో గుర్తు. గుండ్రని బాణం. ఒక్కసారే నొక్కాలి." పక్కన పెన్సిలుతో బాణం బొమ్మ, అంటే పేజీని మళ్ళీ తెచ్చే రీలోడ్ బటన్. "ఒక్కసారే" కింద రెండు గీతలు. ఆ గీతల వెనక ఇంకో కథ ఉంది, అది ఇక్కడ వద్దు.

ఒక ఆదివారం ఉదయం ఫోను చేశారు.

"ఏరా, పనిలో ఉన్నావా? కంప్యూటర్‌లో నేను ఏదో పాడుచేసినట్లున్నాను."

"ఏమైంది నాన్నగారూ?"

"గుండ్రని బాణం పోయింది. మూడో గుర్తు నొక్కితే ఏదో ఖాళీ పేజీ వస్తోంది."

నా తెర చూసుకున్నాను. బాణం ఉన్నచోటే ఉంది. పొరపాటున వేరే బ్రౌజర్ తెరిచారేమో అనుకుని వెర్షన్ నంబరు చదవమన్నాను. ఆ నంబరు దగ్గరికి చేరడానికే పావుగంట పట్టింది. నేను మూడు గీతలున్న బటన్ నొక్కండి అంటాను, ఆయన అక్కడ గీతలు లేవు, చుక్కలున్నాయి అంటారు. చుక్కలెక్కడివి, గీతలే ఉంటాయి, సరిగ్గా చూడండి అని నేను గొంతు పెంచాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఎట్టకేలకు ఆయన ఒక్కో అంకె చదివారు, మధ్యలో ప్రతి చుక్కనూ "చుక్క" అని పలుకుతూ. నేను నా తెర మీద వేలు పెట్టి సరిచూసుకున్నాను. చివరి అంకె దాకా ఒకటే వెర్షన్.

అప్పటికీ నాకు వెలగలేదు. మూసి తెరవమన్నాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టమన్నాను. ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాం) ఏదైనా వేశారా అని అడిగితే, "ఆ మాటకు అర్థం చెబితే, వేశానో లేదో చెబుతాను" అన్నారు. చివరికి వీడియో కాల్ చేసి ఫోనును తెరకు ఎదురుగా పట్టుకున్నారు, తలకిందులుగా. నేను మెడ వంచి చూశాను. గుండ్రని బాణం చిరునామా పట్టీ లోపలికి, కుడి చివరకు వెళ్ళి కూర్చుంది. సగానికి సగం చిక్కిపోయింది. తెల్లటి పట్టీలో లేత బూడిద రంగు. నాకే వెతికితే గానీ కనబడలేదు.

"ఇలా ఎప్పటి నుంచి ఉంది నాన్నగారూ?"

"బుధవారం నుంచి. నువ్వు పనిలో ఉంటావని చెప్పలేదు. నేనే సరిచేద్దామని చూశాను."

నాలుగు రోజులు ఆయన కంప్యూటర్ వాడలేదు. నోటుపుస్తకంలో ఆ పేజీ చూపించారు. "మూడో గుర్తు" అన్న మాట రబ్బరుతో చెరిపేసి, అక్కడ ప్రశ్నార్థకం పెట్టి ఉంది.

ఏం జరిగిందో తరవాత తెలిసింది. కొత్త రూపాన్నీ పాత రూపాన్నీ ఒకే వెర్షన్‌లో మడిచి పంపుతారు. ఎవరికి ఏది తెరుచుకోవాలో కంపెనీ సర్వర్ నిర్ణయిస్తుంది. ముందు కొద్దిమందికి తెరిచి, వాళ్ళ వాడకం కొలిచి, ఆనక మిగతావాళ్ళకు. ఏదైనా బెడిసికొడితే మళ్ళీ అప్‌డేట్ పంపకుండానే వెనక్కి తిప్పుకోవచ్చు. తెలివైన పద్ధతే, కాదనను. కానీ ఆ కొద్దిమందిలో నాన్నగారు పడ్డారు, నేను పడలేదు. నంబరు ఒకటే, తెరలు రెండు. సాయం చేసేవాడి దగ్గర ఒకటి, సాయం కావలసినవాడి దగ్గర ఇంకొకటి.

మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. గగ్గోలు పెట్టేవాళ్ళకు పెద్ద నష్టమేమీ ఉండదు. నాలాంటివాడు తిట్టుకుంటూనే గంటలో దారి వెతుక్కుంటాడు. నిజంగా దెబ్బ తగిలేవాళ్ళు నోరెత్తరు, ఎందుకంటే తామే పాడుచేశామనుకుంటారు. వాళ్ళ తరఫున అరిచేది మేము. కొంచెం అతిగా అరుస్తాం, ఒప్పుకుంటాను.

బ్రౌజర్ తన కంపెనీకి పంపే వాడకపు లెక్కలు చూస్తే ఇవన్నీ తెలుస్తాయి కదా అంటారు. నాన్నగారి విషయంలో ఆ లెక్కలు ఏం చెప్పి ఉంటాయో ఆలోచించండి. ఆ నాలుగు రోజుల్లో ఆయన ఆ బటన్ ఒక్కసారి కూడా నొక్కలేదు. బటన్ దొరకనివాడు, బటన్ అక్కరలేనివాడు, గ్రాఫులో ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఇక నాలాంటి ముదురు వాడకందారులు చాలామంది, ఆ లెక్కలు పంపే సెట్టింగును మొదటిరోజే ఆపేస్తారు. అంటే తెలియనివాళ్ళు సున్నాగా లెక్కకు వస్తారు, తెలిసినవాళ్ళు అసలు లెక్కకే రారు. మిగిలినవాళ్ళను కొలిచి "మన వాడకందారులు" అంటారు.

కొన్నిసార్లు ఆ కొలత కూడా ఉండదు. ఫైర్‌ఫాక్స్ 89 (2021 జూన్ 1న విడుదలైంది, ప్రోటాన్ అని పేరు పెట్టిన రూపం) ఇంకా నైట్లీలో ఉండగా, పట్టీల ఎత్తు తగ్గించే కాంపాక్ట్ అన్న ఎంపికను తీసేద్దామన్నారు. చూపిన కారణం ఏమిటంటే, అది ఎక్కడుందో కనుక్కోవడమే కష్టం, కాబట్టి వాడేవాళ్ళు తక్కువే ఉంటారని అనుకుంటున్నారట. అనుకుంటున్నారు! వస్తువును అటక మీద దాచి, ఎవరూ అడగడం లేదు పారేద్దామన్నట్లుంది. జనం గట్టిగా అడ్డం తిరిగితే సగం దిగివచ్చారు. అప్పటికే వాడుతున్నవాళ్ళకు ఉంచి, మిగతావాళ్ళు అబౌట్ కాన్ఫిగ్ అనే లోపలి సెట్టింగుల పేజీలోకి వెళ్ళి తెచ్చుకునేలా చేసి, పేరు పక్కన దీనికి మా మద్దతు లేదని చీటీ అంటించారు.

ఈ ఖాళీ స్థలం పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. ల్యాప్‌టాప్ తెరకు అసలే ఎత్తు తక్కువ. ఉన్న ఎత్తులో ట్యాబుల చుట్టూ గాలి ఆడటానికి వదిలిన జాగా, దాని కింద పట్టీకి వదిలిన జాగా. చదవడానికి వచ్చిన పేజీ మాత్రం కిందికి జరుగుతూ పోతుంది. పోనీ ఇంత జాగా వదిలారు కదా, ట్యాబ్ పేరులో మన అక్షరాలైనా పూర్తిగా కనబడతాయా అంటే, నేను వాడిన ఒక వెర్షన్‌లో ఒత్తులన్నీ కింద కత్తిరించుకుపోయేవి. అమ్మ అమగా, అక్క అకగా కొన్ని వారాలు గడిపాను. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు సరిపడా గీత గీసుకుని దాన్నే ప్రపంచమనుకుంటే ఇలాగే ఉంటుంది. దీని మీద ఫిర్యాదు రాశాను. సరిచేశారు కూడా. దానికి కృతజ్ఞతలు.

బాణం మీద కూడా ఫిర్యాదు రాశాను. అది మాత్రం చెవిటివాడి ముందు శంఖమే అయింది. "ఇది మేము ఉద్దేశించినట్లే పనిచేస్తోంది" అన్న ఒక వాక్యంతో మూసేశారు. కింద ఒక పెద్దమనిషి, బీటా వాడమని మిమ్మల్ని ఎవరు బతిమాలారు, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని హితవు పలికాడు. సామెత బాగుంది. కానీ ఆ అడుసే కొన్ని వారాల్లో అందరి వాకిట్లోకి వస్తుంది కదా! బీటా అంటే ముందు తొక్కి, ఇక్కడ జారుతోంది అని చెప్పమనే కదా అర్థం.

అరిస్తే ఫలితం ఉంటుందా అని మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఉంటుంది, సరైన సమయంలో సరైన మాట అంటే. 2021 జూన్‌లో ఐఫోన్ సఫారీ 15 బీటాలో చిరునామా పట్టీని తెర కిందికి దించి, రీలోడ్, షేర్ లాంటి రోజువారీ బటన్లను మూడు చుక్కల మెనూలో పడేశారు. వేసవంతా జనం గోల చేశారు. ఒక్కో బీటాకు ఒక్కో మెట్టు దిగుతూ, ఆగస్టుకల్లా పట్టీని మళ్ళీ పైన పెట్టుకునే వీలు ఇచ్చేశారు. సెప్టెంబరులో అసలు విడుదల వచ్చేసరికి జూన్‌లో చూపించినదానికీ దానికీ చాలా తేడా. ఆ వేసవిలో కదలిక తెచ్చింది "వికారంగా ఉంది" అన్న తిట్లు కావని నా గట్టి నమ్మకం. "ఇదివరకు ఒక్క నొక్కుతో అయ్యే పనికి ఇప్పుడు రెండు కావాలి" అన్నవాళ్ళే కదిలించారు. నిరూపించలేను, కానీ ఇన్నేళ్ళు ఇదే పనిగా చూసినవాడిని.

గెలిచినా నిలబడుతుందన్న హామీ లేదు. 2018 సెప్టెంబరులో క్రోమ్ 69 చిరునామాల్లో ముందుండే మూడు డబ్ల్యూలను (www) దాచేసింది. అది మోసాలకు దారి తీస్తుందని గొడవైతే కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది 76వ వెర్షన్‌లో చడీచప్పుడు లేకుండా మళ్ళీ దాచారు. ఆసరికి అరిచే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

అరిచినవాళ్ళే తప్పయిన సందర్భమూ ఉంది. 2016లో క్రోమ్ 52 బ్యాక్‌స్పేస్ మీటతో వెనకటి పేజీకి వెళ్ళే సౌకర్యం తీసేసింది. పొడవాటి ఫారం నింపుతూ ఆ మీట నొక్కి, రాసిందంతా పోగొట్టుకున్నవాళ్ళకు ఆ మార్పు విలువ తెలుసు. అయినా తిట్లు కురిశాయి. చివరికి ఆ పాత అలవాటును తిరిగి తెచ్చే ఎక్స్‌టెన్షన్‌ను గూగులే ఇచ్చింది. మార్పంటే ఇలా ఉండాలి. ఎందుకు మార్చారో ఒక్క ముక్కలో చెప్పగలిగారు, వద్దన్నవాళ్ళకు దారి వదిలారు. "ఆధునికంగా, శుభ్రంగా ఉండేలా మార్చాం" అన్నది కారణం కింద రాదు. గోడకు సున్నం వేసినవాడు కూడా అదే అంటాడు, కానీ తలుపును ఇంకో గోడలోకి మార్చడు.

పనికొచ్చే విషయం ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. బీటాలో కనబడ్డాక అరవడం చాలావరకు ఆలస్యమే. ఫైర్‌ఫాక్స్‌లో నైట్లీ నుంచి బీటాకు వచ్చేసరికి మెనూల్లోని మాటలు ఖరారైపోతాయి, అనువాదకులకు సమయం కావాలి కాబట్టి. ఆ దశలో చేసేవి మరమ్మతులే. కొత్త వెర్షన్ సుమారు నాలుగు వారాలకొకటి వస్తుంటే బీటాలో ఉండేదే ఆ కాస్త సమయం. రూపం మీద పేచీ ఉంటే నైట్లీలోనో, క్రోమ్‌లో దానికి సాటి అయిన కానరీలోనో ఉండగానే పెట్టుకోవాలి. నేనింకా అక్కడే పడి ఉండటానికి నాకు నేను చెప్పుకునే సాకు కూడా ఇదే.

నాన్నగారి కంప్యూటర్‌లో బీటా తీసేసి మామూలు వెర్షన్ పెట్టాను. నోటుపుస్తకంలో ప్రశ్నార్థకం ఉన్నచోట ఆయన మళ్ళీ "మూడో గుర్తు" అని రాసుకున్నారు, ఈసారి పక్కన తేదీ వేసి. అన్ని పేజీల్లోనూ తేదీలు వేసుకున్నారు. కిందటి నెల మళ్ళీ ఫోను చేశారు.

"బాణం ఉన్నచోటే ఉందిరా. దాని పక్కన కొత్తగా ఏదో మెరుస్తోంది. నేను ముట్టుకోలేదు."