మాయా నాగరికత ఎందుకు కూలిపోయింది?

మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతంలో వెలసిన మాయా నాగరికతలో దక్షిణాది నగరాలు క్రీ.శ. 8వ శతాబ్దం చివరి నుంచి 10వ శతాబ్దం మొదలు దాకా ఖాళీ అవుతూ వచ్చాయంటే, దానికి ఒక్క కారణం కాదు. పదేపదే వచ్చిన కరువులు, రాజ్యాల మధ్య తెగని యుద్ధాలు, అడవుల నరికివేత, పెరిగిన జనాభా అన్నీ కలిసి మీద పడ్డాయి. వీటిలో గట్టి దెబ్బ కరువుదే అనిపిస్తుంది.

గ్వాటెమాలాలోని తికాల్ అనే మాయా నగరాన్నే చూడండి. దగ్గర్లో పెద్ద నది లేదు. సున్నపురాయి నేల కాబట్టి కురిసిన నీరు ఇట్టే ఇంకిపోతుంది. అందుకే ప్రాంగణాలకు సున్నపు గచ్చు వేసి, వాలు పెట్టి, ప్రతి వానచుక్కనూ చెరువుల్లోకి మళ్లించారు. నెలల తరబడి వాన లేని కాలమంతా ఆ నీటితోనే గడవాలి. వానలు ముఖం చాటేస్తే తాగునీరు లేదు, మొక్కజొన్న లేదు. దేవుళ్లను మెప్పించి వాన తెప్పించాల్సిన రాజు మీద జనానికి నమ్మకమూ పోతుంది. అక్కడ తేదీ చెక్కిన చివరి శిలాస్తంభం 869 నాటిది.

మాయా ప్రజలు రాత్రికి రాత్రే అంతరించిపోయారని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఉత్తరాన చిచెన్ ఇట్జా అనే మాయా నగరం ఆ తర్వాత కూడా వెలిగింది. చివరి మాయా రాజ్యం స్పెయిన్‌కు లొంగింది 1697లో. గ్వాటెమాలా, మెక్సికోల్లో ఇప్పటికీ లక్షలాది మంది ఇళ్లలో మాయా భాషలే మాట్లాడుకుంటారు.