లంకలో పెరిగిన అమ్మాయి, వరద మ్యాపుల చదువు

ప్రశ్న: మాది పి.గన్నవరం మండలంలో గోదావరి మధ్యనున్న లంక గ్రామం. 2022 జూలై వరదలో మమ్మల్ని పడవ మీద ఒడ్డుకు చేర్చారు. బీఎస్సీ చివరి సంవత్సరంలో ఉన్న మా అమ్మాయి, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు చేసి విశ్లేషించే పద్ధతి) నేర్చుకుని వరద సహాయ ప్రణాళికలో పనిచేస్తానంటోంది. బంధువులు బ్యాంకు పరీక్షలు రాయించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చదివించండి. ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అయితే రెండో హెచ్చరిక నాటికి ఏ కాజ్‌వే మునుగుతుంది, దాని అవతల ఎన్ని ఇళ్లున్నాయి, నెలలు నిండినవాళ్లు ఎవరింట్లో ఉన్నారు, పడవ ఏ రేవుకు వెళ్లాలి? ఇళ్లు, దారులు, ఏటిగట్లు, పునరావాస కేంద్రాలను ఒకే మ్యాపు మీద పొరలుగా పేర్చి, ఈ జవాబులు నీరు రాకముందే సిద్ధం చేయడమే ఆ ఉద్యోగం.

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వరదల్లో ఉపగ్రహ చిత్రాలతో ముంపు మ్యాపులు తయారుచేస్తుంది. రాడార్ ఉపగ్రహం మబ్బుల్లోంచి కూడా చూస్తుంది. నిలిచిన నీరు చిత్రంలో నల్లగా పడుతుంది. కానీ దట్టమైన కొబ్బరితోట కింద నడుములోతు నీరున్నా, సెంటినెల్-1 వంటి ఉపగ్రహానికి పైనున్న మట్టలే కనిపించి, అక్కడ పొడినేల ఉన్నట్టు భ్రమ కలగవచ్చు. కోనసీమలో ఇది చిన్న పొరపాటు కాదు. నేల ఎత్తును 30 మీటర్లకో చుక్క చొప్పున చూపే ఉచిత మ్యాపుల్లోనూ, ఆ ఎత్తులో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. మీ దగ్గర ఊరు మునగడానికీ మునగకపోవడానికీ మధ్య ఒక్క మీటరు చాలు. ఆ తప్పును పట్టుకోగలిగేది అక్కడ పుట్టి పెరిగిన మనిషే.

క్యూజీఐఎస్ ఇలాంటి మ్యాపులు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్, ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. ఆ తర్వాత జియోఇన్ఫర్మాటిక్స్‌లో, అంటే ఈ మ్యాపుల, ఉపగ్రహ సమాచార చదువులో ఎంఎస్సీ. కొంత పైథాన్ ప్రోగ్రామింగ్ కూడా తప్పదు. తొలి ఉద్యోగం కాంట్రాక్టుదే కావచ్చు, అందుకు మీరు సిద్ధపడాలి. బ్యాంకు పరీక్షలు రాయాలనుకుంటే రాయనివ్వండి, కానీ ఈ చదువు మాన్పించి కాదు.

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా సొంతంగా చేసిన ఒక్క మ్యాపు ఎక్కువ పలుకుతుంది. మీ ఊళ్లో 2022 నాటి నీటి చారలు ఇంకా ఏయే గోడల మీద ఉన్నాయో మీరూ అమ్మాయీ తిరిగి చూడండి. నేల నుంచి ఎత్తు టేపుతో కొలిచి, ఫోనులో ఆ చోటు గుర్తించమనండి. సంక్రాంతికి సున్నాలు వేయకముందే ఆ పని పూర్తిచేయండి.