మన్రోలప్పను ఎందుకు దాటేశావు?

చిరంజీవికి,

దత్త మండలాల మీద, అంటే మన రాయలసీమ మీద, నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ "రాజులు మారారు, జనం బతుకు మారలేదు" అన్నావే, అక్కడ నాకు కోపం వచ్చింది. నలభై ఏళ్లుగా ఈ మాట చదువుతున్నాను. మారిందో లేదో ఊళ్లోకి పోయి చూడనివాళ్లు రాసే మాట అది.

విజయనగరం, గోల్కొండ, మొఘలులు, కడప నవాబులు, హైదర్, టిప్పు, నిజాం, కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) అని ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పుకుపోయావు. 1800లో నిజాం మన సీమను ఎందుకు వదులుకున్నాడు? తన దగ్గర పెట్టుకున్న ఇంగ్లీషు పటాలాల ఖర్చు కింద. మన ఊళ్లను బాకీ కింద జమ కట్టారు నాయనా! అది రాయవేం?

నా మొదటి కథ శిస్తు గురించే. ఒక సంపాదకుడు పట్టా, ఇనాం, కట్టుబడి అన్న మాటలన్నీ కొట్టేసి, ఒక రాణిని పెట్టమన్నాడు. పెట్టలేదు. కథ మూడేళ్లు ట్రంకుపెట్టెలోనే ఉంది. ఇప్పటికీ కోటా, కత్తీ ఉంటేనే చరిత్ర అంటున్నారు.

ఆ రోజుల్లోనే పోరుమామిళ్ల పోయాను. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు అది. 1369 నాటి శాసనంలో వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెక్కారు. కట్ట కింద మడికి నీళ్లు కడుతున్న పెద్దాయనను ఇది ఎవరు కట్టించారని అడిగాను. "ఎవరో రాయలంట. పూడిక తీసేదెవరో చెప్పు సామీ" అన్నాడు. పార భుజాన వేసుకొని గెనెం మీద పోతూనే ఉన్నాడు. ఏ రాజు గురించి రాయాలన్నా అప్పటినుంచి నాకు ఆ ప్రశ్నే ముందు.

మీ వంశంలో ఒకాయన పేరు మన్రోలప్ప అని ఒక్క వాక్యంలో చెప్పి దాటేశావు. నీ వ్యాసమంతా అక్కడుంది! 1800 నుంచి 1807 దాకా ఇక్కడ కుంపిణీ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్లను అణచి, పొలాలు కొలిపించి, రైతు పేరు మీదే శిస్తు నిర్ణయించాడు. ఆ శిస్తు మోయలేనిదని తెలిసి, నాలుగో వంతు తగ్గించమని 1807లో ఆయనే రాశాడు. పైవాళ్లు అప్పుడు ఒప్పుకోలేదు. అయినా ఆ దొర పేరు కొడుకులకు పెట్టుకున్నారు మనవాళ్లు. ఈ సీమలోనే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. ఇనాములు పోయిన కట్టుబడులు, అంటే ఊరి కావలి బంట్లు, ఆయన వెంట నడిచారు. బతుకు మారకుంటే ఆ పేరెందుకు పెడతారు, ఖజానా ఎందుకు కొడతారు?

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. మన్రో 1827లో కలరా తగిలి పత్తికొండలో పోయాడు. మీ ఇంట్లో ఆ పేరు అంతకుముందు పెట్టారా, తర్వాతా? మీ అవ్వకు ఎనభై దాటాయన్నావు. ఈ వారమే ఊరికి పో. ఆమె పక్కన కూర్చుని అడుగు. పెట్టెలో పాత పట్టా కాగితాలుంటే తీయించు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన