పెళ్లి సంబంధం కుదిరాక సికిల్ సెల్ రిపోర్టు ఎవరికి చెప్పాలి?

రోగి గుట్టు కాపాడాలా, అవతలివాళ్లకు నిజం చెప్పాలా అనే ఇరకాటంలో డాక్టర్లు ఏం చేస్తారని అడిగారు. నేను మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ వైపు పనిచేసే డాక్టర్ని. సికిల్ సెల్ అంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తపు జబ్బు. 2023లో కేంద్ర ప్రభుత్వ సికిల్ సెల్ మిషన్ మొదలై, 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్షలు చేసి కార్డులు ఇవ్వడం వచ్చాక ఈ ప్రశ్న మాకు తరచూ ఎదురవుతోంది.

ఇక్కడ గోదావరికి అటూ ఇటూ సంబంధాలు కలుపుకుంటారు. అలా సంబంధం కుదిరిన ఒక అమ్మాయికి క్యారియర్ అని తేలింది. క్యారియర్ అంటే జబ్బు మనిషి కాదు, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ జబ్బు జన్యువు వచ్చిన మనిషి. దంపతులిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఇంత వివరం ఊళ్లో ఎవరు వింటారు? "నార్మల్ అని రాసియ్యుండ్రి సారూ, పిల్ల బతుకు ఆగమైతది" అని తండ్రి నా చేతులు పట్టుకున్నాడు. తర్వాత కాళేశ్వరం వైపు నుంచి పిల్లగాడి మేనమామ వచ్చాడు. "మాకొక్కరికే చెప్పుండ్రి, ఎక్కడా అనం."

రెండూ చేయలేను. దొంగ సర్టిఫికెట్ ఇవ్వడం, రోగి రహస్యం బయటపెట్టడం రెండూ 2002 నాటి వైద్య నియమావళిలో తప్పులే. ఒక మనిషికి తీవ్రమైన ముప్పు ఉంటే చెప్పొచ్చనే మినహాయింపు ఉంది. 1998లో ఒక హెచ్ఐవీ కేసులో సుప్రీంకోర్టు కాబోయే భార్య ఆరోగ్యం వైపే నిలిచింది. కానీ సికిల్ అంటుకునే జబ్బు కాదు, ఈ అమ్మాయి వల్ల ఆ అబ్బాయి ఒంటికి ఏ హానీ లేదు. ఆ మినహాయింపు ఇక్కడ చెల్లదని నా నమ్మకం.

"పిల్ల రిపోర్టు పిల్లకే ఇస్త. మీ పిల్లగాణ్ని పంపుండ్రి, ఆయనకూ పరీక్ష చేస్త" అన్నాను మేనమామతో. తప్పించుకోవడానికి అన్న మాట కాదది. సగం లెక్క అబ్బాయి రక్తంలో ఉంటే, నిలబెట్టి అడిగేది మాత్రం ఎప్పుడూ అమ్మాయినే. ఇది నాకు చాలా కోపం తెప్పించే సంగతి.

తండ్రిని బయట కూర్చోమని, నర్సమ్మను పక్కన పెట్టుకుని అమ్మాయికి కాగితం మీద నలుగురు పిల్లల బొమ్మలు గీశాను. ఒకటి పూర్తిగా నలుపు, రెండు సగం నలుపు, ఒకటి ఖాళీ. ఆమె నల్ల బొమ్మ మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "నేనే చెప్త సారూ. ఇంకొకరు చెప్తే ఇంకో తీరుగుంటది" అంది.

అబ్బాయి వచ్చాడు. అతనూ క్యారియరే.

పెద్దలు సంబంధం వద్దన్నారు. నేను చేసుకోమనీ అనలేదు, మానుకోమనీ అనలేదు. విడిపోవడం ఒక దారి, చేసుకుని, గర్భం వచ్చాక మూడో నెలలోనే కడుపులో బిడ్డకు పరీక్ష చేయించడం ఇంకో దారి అని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. వాళ్లు పెళ్లి చేసుకున్నారు. ఆ పరీక్షకు హైదరాబాద్ దాకా పోవాలి, కూలి పోతుంది, ఛార్జీలవుతాయి. దారి చూపించి ఖర్చు వాళ్ల నెత్తిన వదిలేస్తే నా పని అయిపోయినట్టు అనిపించలేదు. నెల తప్పగానే ముందు నా దగ్గరికి రమ్మన్నాను. అక్కడి డాక్టర్లతో నేనే మాట్లాడి పంపిస్తాను.